మాస్టరుతో ఆడబోయే అమ్మాయికి ఎటువంటి సాధన చేయించాలి?

మాది విజయనగరం. చదరంగంలో 1500 రేటింగు దాటిన మా అమ్మాయికి, ఒక అంతర్జాతీయ మాస్టరు అనేకమందితో ఒకేసారి ఆడే ప్రదర్శనలో అవకాశం వచ్చింది. అటువంటి ఆటల్లో మాస్టరు సాధారణంగా అన్ని బోర్డులపైనా తెల్లపావులే తీసుకుంటారు కనుక, నల్లపావులతో ఫ్రెంచి డిఫెన్సు అనే ప్రారంభ పద్ధతి మాత్రమే బాగా తెలిసిన మా అమ్మాయి దానినే నమ్ముకోవాలా, కొత్తది నేర్చుకోవాలా? మాస్టరు తన ముందుకు రాగానే ఎత్తు వేయాలి. తక్కిన ఆటలు ముగిసేకొద్దీ ఆయన మరింత త్వరగా తిరిగి వస్తారు గనుక, ఆట చిక్కుపడే వేళకే ఆలోచించే వ్యవధి కరిగిపోతుంది. నాకు అసలు భయం ఇదే. దీనికి ఇంట్లో ఎలా సాధన చేయించాలి?

మరొక సందేహం. బాలికల పోటీలు చాలునని మా బంధువులు అంటున్నారు (ఆ మాట నాకు రుచించదు). మహిళలకు మాత్రమే ఇచ్చే మహిళా గ్రాండ్‌మాస్టరు హోదాకు 2300 రేటింగు, ఆడా మగా అందరికీ ఒకటే అయిన గ్రాండ్‌మాస్టరు హోదాకు 2500 కావాలి. మన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులోనే, ఆ రెండవదానిని సాధించారు. అయితే ఆడా మగా అందరూ కలిసి ఆడే ఓపెన్ పోటీల్లో వరుస ఓటములు పిల్లను కుంగదీస్తాయేమోనన్న వెనుకంజ కూడా ఉంది. కూతుళ్లను రెండు రకాల పోటీల్లోనూ ఆడించినవారు, ఏ దశలో దేనికి ప్రాధాన్యం ఇచ్చారో దయచేసి తెలియజేయగలరు.