డోర్లు లేని ఓపెన్ స్పోర్ట్స్ కారుకు బయటి మిర్రర్లు: ఎక్కడ బిగిస్తే వణకవు?

రెండుసీట్లబండి
లోటస్ సెవెన్ తరహా బండి. బాడీకి అల్యూమినియం రేకు, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్, విండ్‌స్క్రీన్‌కి రెండు పక్కలా అల్యూమినియం పోస్టులు. డోర్ల బదులు ఆ పోస్టులకు తగిలించే గుడ్డ సైడ్‌స్క్రీన్లు. మిర్రర్లు ఇప్పుడు ఆ సైడ్‌స్క్రీన్ల మీదే ఉన్నాయి. 3000 ఆర్‌పీఎం దగ్గర వెనక బండి హెడ్‌లైట్లు రెండు గీతల్లా కనిపిస్తున్నాయి. ఎండ బాగుందని సైడ్‌స్క్రీన్లు తీసేస్తే వాటితో పాటే మిర్రర్లూ పోతాయి. చిన్న గుండ్రటివి, కార్బన్ ఫైబర్ షెల్ (అద్దం వెనక డొప్ప) ఉన్నవి, మోటార్‌సైకిల్‌వి అన్నీ దొరుకుతున్నాయి. ఏవి కొనాలి, ఎక్కడ బిగించాలి? బెజ్జం పడ్డాక వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందే అడుగుతున్నా.

10నంబర్‌పానా
కొనే ముందు అట్ట కత్తిరించండి. మీరనుకుంటున్న అద్దం సైజుకే, సరిగ్గా అంతే. పోస్టు మీద, మడ్‌గార్డు మీద, స్కటిల్ (బానెట్ వెనక, విండ్‌స్క్రీన్ కింద ఉండే బాడీ భాగం) మీద మాస్కింగ్ టేపుతో అంటించి, సీటులో కూర్చుని బెల్టు బిగించుకుని చూడండి. బెల్టు లేకుండా ముందుకు వంగి చూస్తే లెక్క తప్పుతుంది. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టినప్పుడు మోచెయ్యి అడ్డొస్తోందా, రోల్‌బార్ (బండి బోల్తా పడితే తలని కాపాడే, సీటు వెనకి గొట్టం) కాలు అద్దం మధ్యలోకి వస్తోందా, వెనక మడ్‌గార్డు కింది సగాన్ని మింగేస్తోందా, ఈ మూడూ ముఖ్యం. ఇలాంటి బళ్లలో కన్ను నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి వెనక మడ్‌గార్డు చాలా చోటు తినేస్తుంది. మిర్రర్‌ని 40 మి.మీ. పైకి జరిపితే కనిపించేది ఎంతో మారుతుంది.

అట్ట చోటు కుదిరాక దాని మీద చిన్న చేతి అద్దం అంటించి, ఇంకొకరిని బండి వెనక నిలబెట్టండి. ఐక్యరాజ్యసమితి ఆర్‌46 నిబంధన డ్రైవర్ పక్క బయటి మిర్రర్‌కి అడిగేది ఇది: కళ్లకు 4 మీటర్ల వెనక 1 మీటరు వెడల్పు, 20 మీటర్ల వెనక 4 మీటర్ల వెడల్పు నేల కనపడాలి. ఆ నిబంధన మీ దేశంలో ఉన్నా లేకపోయినా కొలతగా బాగా పనికొస్తుంది. నేల మీద సుద్దగీతలు గీసి చూసుకోండి.

లేత్‌మాస్టారు
చోటు సంగతి పానాగారు చెప్పేశారు. వణుకు సంగతి నేను.

నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు కొడుతుంది. 900 ఆర్‌పీఎం ఐడిల్‌లో సెకనుకు 30 దెబ్బలు, 3000లో 100, 7000లో 233. మిర్రర్, కాడ, బేస్ కలిసి ఒక స్ప్రింగు. దాని సొంత ఊపు (తడితే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె) ఈ 30కీ 233కీ మధ్య ఎక్కడ పడితే ఆ ఆర్‌పీఎంలో బొమ్మ చెదురుతుంది. గుడ్డ సైడ్‌స్క్రీన్ అంటే మెత్తటి స్ప్రింగు. దాని మీద ఎంత ఖరీదైన మిర్రర్ పెట్టినా అంతే.

చేయాల్సింది కాడని పొట్టి చేయడం, లావు చేయడం. పొడవు సగం చేస్తే బిగువు 8 రెట్లు. వ్యాసం 8 నుంచి 10 మి.మీ.కి పెంచితే దాదాపు 2.4 రెట్లు. అందుకే సన్నటి పొడుగు కాడ మీద కూర్చునే అందమైన రేసింగ్ తరహా మిర్రర్లు రోడ్డు బండి మీద నిరాశపరుస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, వెనక చూడ్డానికి కాదు.

మీ బండికి నా ఓటు విండ్‌స్క్రీన్ పోస్టుకే. 5 మి.మీ. అల్యూమినియం ప్లేటుతో బ్రాకెట్, పోస్టుకి కనీసం రెండు బోల్టులు. ఒక్క బోల్టు పెడితే అదే కీలు అవుతుంది, ఎంత బిగించినా గాలికి తిరుగుతుంది. బోల్టుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత మంచిది, 40 మి.మీ.కి తగ్గొద్దు. బ్రాకెట్‌ని వంచేటప్పుడు లోపలి వంపు వ్యాసార్థం ప్లేటు మందంకన్నా తగ్గనీయకండి, గట్టి గ్రేడుకైతే అంతకు కొన్ని రెట్లు కావాలి. గట్టి గ్రేడు అల్యూమినియం పదునుగా వంచితే బయటి అంచున వెంట్రుకవాసి పగులు వస్తుంది, అది వణుకుతో పెరిగి ఒకరోజు విరుగుతుంది.

జెల్‌కోట్
మాస్టారూ, పోస్టు దొరికిన వాళ్లకు అది సరే. లోటస్ ఎలీజ్ లాంటి ఫైబర్ డోర్లున్న వాళ్లూ ఈ చర్చ చదువుతారు కాబట్టి ఫైబర్‌గ్లాస్ గురించి రాస్తున్నా.

బెజ్జం వేసే చోట ముందూ వెనకా మాస్కింగ్ టేపు. కొత్త బిట్‌తో, మొదట డ్రిల్లుని వెనక్కి తిప్పుతూ జెల్‌కోట్ (పైన మెరిసే గట్టి రెజిన్) పొర దాటాలి. ఆ తర్వాతే ముందుకు తిప్పి, నొక్కకుండా లోపలి పొరల్లోకి. 3 మి.మీ.తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ఎం6 (6 మి.మీ. మర) బోల్టుకి 6.5 మి.మీ. బెజ్జం ఉండాలి. బోల్టు బిగుతుగా దూరితే వేడికి, వణుకుకి అంచున నక్షత్రంలా పగుళ్లు వస్తాయి. పైవైపు అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కొంచెం గీయండి. కోసిన అంచుకి రెజిన్ పూయండి, లేకపోతే నీరు పొరల మధ్యకి దిగుతుంది.

వెనక 2 లేదా 3 మి.మీ. అల్యూమినియం ప్లేటు, మిర్రర్ బేస్‌కి రెట్టింపు వైశాల్యంలో. వెనక ఫైబర్ గరుకుగా ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ప్లేటుని అతికించేటప్పుడు కింద చిక్కటి ఎపాక్సీ నింపాలి. అలా కాకుండా నేరుగా బిగిస్తే ప్లేటు మూడు చోట్ల తగిలి, బిగించిన కొద్దీ ఫైబర్ వంగుతుంది. రివెట్ నట్టు (బెజ్జంలో దూర్చి, ఉబ్బించి బిగించే మర గొట్టం) మాత్రం ఫైబర్‌లో వద్దు. అది ఉబ్బేటప్పుడు చుట్టూ నొక్కి పగలగొడుతుంది, లేదా కొన్నాళ్లకు వదులై బోల్టుతో పాటు తిరుగుతుంది. అప్పుడు విప్పడం నరకం. పల్చటి అల్యూమినియం రేకులోనైతే బాగా పట్టుకుంటుంది: ఎం5కి 7 మి.మీ. బెజ్జం, ఎం6కి 9 మి.మీ. రేకు మందానికి సరిపోయే పట్టు పొడవున్నదే తీసుకోండి.

రెండుసీట్లబండి
పోస్టుకే వెళ్తా. పోస్టులో కొత్త బెజ్జాలు వెయ్యాలా, లేక పోస్టుని స్కటిల్‌కి పట్టి ఉంచిన బోల్టులే వాడుకోవచ్చా? బోల్టులు స్టెయిన్‌లెస్ పెడదామనుకుంటున్నా. కార్బన్ షెల్ మిర్రర్లైతే బరువు తక్కువ కాబట్టి వణుకు కూడా తగ్గుతుందా?

లేత్‌మాస్టారు
ఉన్న బోల్టులే వాడండి, కొత్త బెజ్జం అక్కర్లేదు. జాగ్రత్తలు ఇవి. బ్రాకెట్ 5 మి.మీ. మందం చేరుతుంది కాబట్టి బోల్టు పాతదానికన్నా 5 మి.మీ. ఎక్కువ పొడవుది కావాలి. నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగున్నది) దాటి కనీసం రెండు మరలు బయటికి కనపడాలి. ఒక్కో బోల్టూ విప్పి, కొత్తది పెట్టి, చేత్తో బిగించి, ఆ తర్వాతే రెండోది. అన్నీ ఒకేసారి విప్పితే విండ్‌స్క్రీన్ ఫ్రేము జారుతుంది. బ్రాకెట్ పోస్టు మీద చదునుగా కూర్చుందో లేదో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూడండి. సందు ఉండగానే బిగిస్తే పోస్టు పక్కకి లాగబడి, ఆ ఒత్తిడి గాజుకి చేరుతుంది. లామినేటెడ్ గాజు అంచు దగ్గర పగలడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. సందు ఉంటే షిమ్ము (సందు నింపే పల్చటి రేకు) పెట్టండి.

స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం, తడి, మూడూ కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి కట్టి పోతుంది. బోల్టు తల కింద నైలాన్ వాషరు, ఒంటికి జింక్ క్రోమేట్ పేస్టు లాంటి విడదీసే పూత పెట్టండి. నైలాన్ వాషరు మీద స్టీల్ వాషరు ఒకటి ఉండాలి, లేకపోతే బోల్టు తల దాన్ని నమిలేస్తుంది. కార్బన్ షెల్‌కి అల్యూమినియం కాడ నేరుగా తగిలినా ఇదే గొడవ, ఇంకా ఎక్కువ. మధ్యలో పల్చటి గ్లాస్ క్లాత్ పొరో, నైలాన్ ముక్కో పెట్టాలి.

తేలిక మంచిదే, కానీ బరువు సగమైతే ఊపు 1.4 రెట్లే పెరుగుతుంది. కాడ సగమైతే దాదాపు 2.8 రెట్లు. డబ్బు కార్బన్ మీద కాకుండా బ్రాకెట్ మీద పెట్టండి.

సీసంగుళ్లు
అందరూ తేలిక చేయమంటారు గానీ ఎదురు దారి కూడా ఉంది. మోటార్‌సైకిల్ వాళ్లు మిర్రర్‌లో, హ్యాండిల్ చివర్లలో బరువు పెడతారు. షెల్ లోపల 80 గ్రాముల సీసం అంటిస్తే ఊపు ఇంజన్ దెబ్బలకన్నా కిందికి దిగిపోతుంది. బ్రాకెట్ మార్చే పనే లేదు.

లేత్‌మాస్టారు
లెక్క వేసి చూడండి. సొంత ఊపు 80 దగ్గర ఉన్న మిర్రర్‌ని ఐడిల్ దెబ్బలైన 30 కిందికి దించాలంటే బరువు ఏడింతలు కావాలి. 250 గ్రాముల మిర్రర్‌కి 80 గ్రాములు కలిపితే 80 కాస్తా 70 అవుతుంది. అంటే వణుకు 2400 ఆర్‌పీఎం నుంచి 2100కి జరిగింది, అంతే. అదే కాడ సగం చేస్తే 80 పోయి 226, అంటే 6800 దగ్గరికి. అక్కడ వెనక ఎవరూ అంతసేపు చూడరు.

సీసంగుళ్లు
ఒప్పుకుంటా, కానీ ఒక్క మాట. ఎప్పుడూ ఒకే ఆర్‌పీఎంలో తిరిగే బండికి ఆ 300 జరగడమే చాలు. దానికి తోడు షెల్ పల్చగా ఉండి అదే జివ్వుమంటుంటే లోపల బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ (వణుకుని మింగే జిగట రబ్బరు) ముక్క అంటించడం పనిచేస్తుంది. కాడ వణుకుని మాత్రం అది ఆపదు.

10నంబర్‌పానా
ముందు వణుకు ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోవాలి. బండి ఆపి ఉంచి, న్యూట్రల్‌లో మెల్లగా ఆర్‌పీఎం పెంచండి. నిలబడి ఉండగానే బొమ్మ చెదిరితే ఇంజన్. ఆర్‌పీఎం ఎంతైనా ఒకే వేగంలో చెదిరితే గాలో, చక్రమో. 13 అంగుళాల చిన్న చక్రం గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకు సుమారు 16 సార్లు తిరుగుతుంది. బొమ్మ గీతలా కాకుండా మెల్లగా ఊగుతుంటే మిర్రర్ జోలికి పోకుండా వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. మిర్రర్ బేస్ కింద మందపాటి మెత్తటి రబ్బరు పెట్టే అలవాటు కూడా మానాలి, అది స్ప్రింగుని ఇంకా మెత్తన చేస్తుంది. పెయింటు గీరుకోకుండా 1 మి.మీ. చాలు.

గాజుకన్ను
అద్దం గురించి ఎవరూ మాట్లాడలేదు. వణుకు తగ్గించి తప్పు అద్దం పెట్టుకుంటే ఏం లాభం?

చదును అద్దం దూరాన్ని నిజంగా చూపిస్తుంది, కానీ వెడల్పు తక్కువ. కంటికి 60 సెం.మీ. దూరంలో 100 మి.మీ. వెడల్పు చదును అద్దం ఉంటే 20 మీటర్ల వెనక ఒక కంటికి దాదాపు 3.4 మీటర్లు కనిపిస్తాయి. అదే అద్దం అవతలి పక్క, 110 సెం.మీ. దూరంలో ఉంటే 1.9 మీటర్లే. ఓ లేన్‌లో సగం. కుంభాకార అద్దమైతే, వ్యాసార్థం 1200 మి.మీ. అనుకుంటే, అవతలి పక్కన కూడా 5.2 మీటర్లు వస్తాయి. దానికి మూల్యం ఏమిటంటే, 20 మీటర్ల దూరంలో ఉన్న కారు డ్రైవర్ పక్కన సగం సైజులో, అవతలి పక్కన మూడో వంతుకి కాస్త పైన కనిపిస్తుంది. ఇంకా దూరంగా ఉందనుకుని లేన్ మారేది ఇక్కడే.

ఆర్‌46 కింద బయటి ప్రధాన అద్దం వ్యాసార్థం 1200కి తగ్గకూడదు. అలా ఆమోదం పొందిన వాటి మీద వలయంలో ఇ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. అమెరికా నిబంధన వేరు: డ్రైవర్ పక్క చదును అద్దమే ఉండాలి, అవతలి పక్క కుంభాకారమైతే 889 నుంచి 1651 మి.మీ. మధ్య. చవక గుండ్రటి మిర్రర్లలో కొన్ని 600 కూడా ఉండవు, బ్లైండ్‌స్పాట్ కోసం మిర్రర్ మీద అంటించే బొట్టు అద్దంలో లాగా బొమ్మ చిన్నదైపోతుంది. ముద్ర లేకపోతే కొనొద్దు, తనిఖీలో కూడా ఆగిపోవచ్చు.

షెల్‌లో అద్దం గలగలాడుతుంటే వెనక సిలికాన్ పెట్టి ఆపొచ్చు, కానీ వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దే వద్దు. అది విడుదల చేసే ఆమ్లం వెనక వెండి పూతని తినేసి నల్ల మచ్చలు తెస్తుంది. న్యూట్రల్ క్యూర్ రకమే అడగండి. ఫోమ్ టేపు అయితే రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 15 డిగ్రీలకు తగ్గని చోట అంటించి, 72 గంటలు వదిలేయండి. పూర్తి పట్టు అప్పటికే వస్తుంది.

జెల్‌కోట్
బాల్ జాయింట్ జారడం కూడా చెప్పాలి. 150 × 80 మి.మీ. మిర్రర్ మీద గంటకు 120 కి.మీ. వేగంలో గాలి దాదాపు 8 న్యూటన్లతో, అంటే ముప్పావు కిలో పైచిలుకు బరువుతో తోస్తుంది. 200లో 22 న్యూటన్లు. కొత్త మిర్రర్లలో బాల్‌కి గ్రీజు పూసి వస్తుంది. దాన్ని తుడిచేసి, బాల్‌ని 400 నంబర్ ఎమరీ పేపర్‌తో గరుకు చేసి బిగించండి. జారడం చాలావరకు ఆగుతుంది.

థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పూసే జిగురు) నీలం రకం లోహంలోకి దిగే బోల్టులకు సరే. ప్లాస్టిక్ షెల్‌కి తగలనివ్వకండి, ఏబీఎస్, పాలికార్బనేట్ పగుళ్లు పట్టి విరుగుతాయి. అక్కడ నైలాక్ నట్టు చాలు. బిగింపు: ఎం6 స్టెయిన్‌లెస్, అల్యూమినియం బ్రాకెట్ మీద 7 న్యూటన్ మీటర్లు. ఫైబర్ మీద 3 నుంచి 4, వాషరు వేలితో తిరగకుండా ఆగితే చాలు.

రెండుసీట్లబండి
కాడ పొట్టిగా ఉన్నవి వెతికితే ఎక్కువగా మోటార్‌సైకిల్ మిర్రర్లే కనిపిస్తున్నాయి. వాటికి బ్రాకెట్‌లో మర ఎంత వెయ్యాలి?

లేత్‌మాస్టారు
జపాన్ బళ్లవి ఎక్కువగా 10 మి.మీ., 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం, మి.మీ.లో). మామూలు 10 మి.మీ. ట్యాప్ (బెజ్జంలో మర కోసే పనిముట్టు) 1.5 పిచ్ ఉంటుంది, అది వేస్తే రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. 1.25 ట్యాప్‌కి 8.8 మి.మీ. బిట్. యమహా కుడి మిర్రర్‌కి ఎడమ మర ఉంటుంది, బలవంతం చేయొద్దు. 5 మి.మీ. ప్లేటులో నాలుగు మరలే పడతాయి కాబట్టి వెనక లాక్ నట్టు తప్పనిసరి. ఇంకా మంచిది, మర వెయ్యకుండా 10.2 మి.మీ. బెజ్జం వేసి రెండు వైపులా నట్టులతో పట్టించడం. ఒకటి చూసుకోండి, ఆ అద్దాలు హ్యాండిల్ దూరానికి చేసినవి. కాడ పొట్టిగా ఉన్నా బాల్ జాయింట్ మీ వైపు సరిపడా తిరగకపోవచ్చు.

10నంబర్‌పానా
బ్రాకెట్ చివరి బెజ్జం వేసే ముందు సైడ్‌స్క్రీన్ పెట్టి, పూర్తిగా ముందుకి తెరిచి చూడండి. దాని కీలు అదే పోస్టు మీద ఉంది కాబట్టి తెరిచినప్పుడు పై అంచు నేరుగా మిర్రర్ షెల్‌కి తగిలే అవకాశం ఎక్కువ. కనీసం 10 మి.మీ. సందు వదలండి, గుడ్డ గాలికి ఉబ్బుతుంది. పైన కప్పే గుడ్డ టాప్ వేసి కూడా ఒకసారి చూడండి. కొన్ని బళ్లలో పట్టీ బటన్ సరిగ్గా బ్రాకెట్ కిందే వస్తుంది.

రెండుసీట్లబండి
చూశా. ఎడమవైపు 4 మి.మీ. మాత్రమే సందు ఉంది. బ్రాకెట్ వంపుని 12 మి.మీ. కిందికి దించి గీస్తున్నా, అట్టతో మళ్లీ కొలిచాక ప్లేటు కోస్తా.