మగుడనా, మగడా? ‘అడిగెదనని’ పద్యంలో ఒక్క మాట

ప్రశ్న

మా ఆఫీసులో తెలుగు నేర్చుకుంటున్న విదేశీ సహోద్యోగి ఒకావిడ ఉన్నారు. నిన్న సాయంత్రం నేను బయల్దేరుతుంటే చక్కగా తెలుగులో "ఎక్కడికి?" అని అడిగారు. పక్కనున్న పెద్దాయన "అలా అడక్కూడదమ్మా, ఎందాకా అనాలి" అన్నారు. రెంటికీ తేడా ఏమిటో ఆవిడకు అంతు పట్టలేదు. పైగా, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినాయన కూడా చివరి రోజున "వెళ్ళొస్తా" అన్నారట, మళ్ళీ రాలేదేమని అడిగారు. నేను సరిగ్గా చెప్పలేకపోయాను. కానీ దారంతా ఒకటే పాదం బుర్రలో తిరిగింది: "అడిగిన తన మగడు నుడువడని..." విష్ణువు వెళ్తుంటే లక్ష్మి అడగలేకపోయింది కదా, అది ఈ ‘ఎక్కడికి అనకూడదు’ అన్న పట్టింపేనా? పద్యం పూర్తిగా గుర్తు రావడం లేదు.

జవాబు

పోతన భాగవతం, అష్టమస్కంధం, గజేంద్రమోక్షం. పద్యం ఇదీ:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడఁ జిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్.

‘తన మగడు’ కాదండీ, ‘తను మగుడ’. మగుడన్ అంటే తిరిగి, మరల. అడిగితే తనకు తిరిగి బదులు చెప్పడేమోనని ఆగిపోయింది. చెవికి ‘మగడు’ అని వినబడి, అక్కడి నుంచి ‘తన’ పుట్టింది.

దానికి జవాబు

మా నాన్నగారి నోట నేను విన్నది ‘తన మగడు నుడువడని’ అనే. వినేవాడికి వెంటనే అర్థమయ్యేది కూడా అదే. భార్య అడుగుతుంటే మగడు పలకడేమో అన్న బెంగ ఎంత సహజంగా ఉంది! పోతన అంత ఇంటిమాటలా రాయగలవాడు, ‘మగుడ’ కోసం నిఘంటువు వెతికిస్తాడా?

మరొకరు

ఛందస్సుతో తేలుతుందేమోనని గణాలు కట్టి చూశాను. తేలదు. రెండో పాదం ఇలా విడుతుంది: నడిగిన, దనుమగు, డనుడుగ, డనినడ, యుడుగున్. చివరి గణంలోని గురువు తప్ప అన్నీ లఘువులే. ‘తన మగడు నుడువ’ అన్నా అన్నే మాత్రలు, ఆరో గణం (మొదటి పాదంలోని మూడింటితో కలిపి లెక్కిస్తే) నలంగానే, అంటే నాలుగు లఘువులుగానే నిలుస్తుంది. యతి ‘అడిగిన’లోని అకారానికీ ‘డు + అని’లోని అకారానికీ పడింది కాబట్టి మనం కొట్టుకుంటున్న అక్షరాల జోలికే పోదు. ప్రాస డకారం, దానికీ ఇబ్బంది లేదు.

ఇంకొకరు

మీరంతా ‘మగు’ దగ్గరే ఆగారు. నాకు అనుమానం ‘నుడుగడు’ మీద. మగుడన్ + ఉడుగడు అని ఎందుకు విడదీయకూడదు? అదే పాదంలో ‘నడ యుడుగున్’ ఉంది. అడిగినా ఆయన ఆగడని ఈమే ఆగిపోయింది. అడుగడమూ అడుగే, వేసే అడుగూ అడుగే అని ఆడుకున్న కవి, ఉడుగును కూడా రెండుసార్లు వాడి ఉంటాడు.

మొదట పద్యం ఇచ్చినవారు

ఊహ బాగుంది, కానీ అప్పుడు ‘తను’ అన్న ద్వితీయ గాలిలో వేలాడుతుంది. తనను ఏం చేయడు? నుడుగు అంటే పలుకు అన్న అర్థం ఉండనే ఉంది. ‘మగుడ’ కూడా అరుదైన మాటేం కాదు, ‘మగిడి వచ్చె’ కావ్యాల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

ఒక అభిప్రాయం

ఒక్క అక్షరం కోసం అసలు పద్యాన్ని వదిలేశారు. దీనికి కొన్ని పద్యాల ముందు వచ్చేది ‘సిరికిం జెప్పడు’. మన ఇళ్ళలో చెప్పకుండా లేచి వెళ్ళేది ఒక్కచోటే, చావు జరిగిన ఇంటి నుంచి. అక్కడ వెళ్ళొస్తానంటే మళ్ళీ అలాంటి పనికి వస్తానన్నట్టు అవుతుందని మాట్లాడకుండా కదులుతాం. మిగతా ఎక్కడైనా చెప్పకపోతే తప్పు. ఆ అలవాటులో పెరిగిన చెవికి ‘సిరికిం జెప్పడు’ అన్న తొలిమాట వినగానే గుండె ఝల్లుమంటుంది. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోకపోవడం, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయకపోవడం అన్నీ ఆ తర్వాతే. పోతన ముందు చెప్పింది భార్యకు చెప్పలేదనే! నేను ఈ పద్యం ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగుతాను.

దానికి జవాబు

నిజమే. అయితే లక్ష్మి అడగలేకపోయింది శకునం పట్టింపు వల్ల అని పద్యంలో లేదు. బదులు రాదేమోనన్న సంకోచమే ఉంది. కాబట్టి ప్రశ్న వేసినవారి ఊహకు ఇది ఆధారం కాదు.

తమిళం తెలిసినవారు

‘వెళ్ళొస్తా’ మనకొక్కరికే కాదు. తమిళంలో పోయిట్టు వరేన్, కన్నడంలో హోగి బర్తీని. జపాన్‌లో ఇంటి నుంచి బయల్దేరేవాళ్ళు ‘ఇత్తెకిమాస్’ అంటారు, అదీ వెళ్ళి వస్తాననే. మీ సహోద్యోగికి ఇది చెప్పి చూడండి. మనలో మాత్రం చుట్టపుచూపుకు వచ్చి నెలల తర్వాత గానీ రానివాళ్ళు కూడా అంటారు కాబట్టి ‘వస్తా’ను మాట ఇవ్వడంగా తీసుకోకూడదు. ‘వెళ్తున్నా’ అని వదిలేస్తే తెగిపోయినట్టుంటుంది, అందుకని కలుపుతాం.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఆవిడతో మాట్లాడాను. పద్యం చదివి వినిపించి, మగుడు అంటే తిరిగి రావడం అని కూడా అర్థముందని చెప్పాను. "అయితే మీరు రోజూ అనేది వెళ్ళి మగుడుతాననా?" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇక ‘మగడు’ వదిలి ‘మగుడ’ వైపే వచ్చేశాను, పండితులు ఏం తేల్చినా సరే.

‘తన మగడు’ వారు

అర్థం అందంగా కుదిరినంత మాత్రాన పాఠం మారదు. నేను మా నాన్నగారి పాఠం మీదే ఉన్నాను.

కొత్తగా వచ్చినవారు

ఆలస్యంగా చూశాను. మూడో పాదంలో మీరు ‘జిడిముడి’ అని ఇచ్చారు. మా పాఠ్యపుస్తకంలో ‘సిడిముడి’ అని చదివిన గుర్తు. ద్రుతం (పదం చివరి నకారం) తర్వాత చిడిముడిలోని చకారం సరళంగా, అంటే జకారంగా మారిందంటే ఒప్పుకుంటాను, కానీ ‘సిడిముడి’ ఎక్కడి నుంచి వచ్చినట్టు?