శ్లాబు కారకుండా చేసే పని: ముందు శిక్షణ తీసుకోవాలా, మేస్త్రి దగ్గర చేరాలా?

నల్గొండ అన్నయ్య:
మా తమ్ముడు ఇంటర్ పూర్తి చేశాడు. శ్లాబుల మీద నీరు దిగకుండా పూత వేసే పనిలో స్థిరపడతానంటున్నాడు. నాన్నగారు ముందు హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో తాపీ పని శిక్షణ పొందమంటున్నారు. మామయ్య మాత్రం తనకు తెలిసిన మేస్త్రి దగ్గర వెంటనే చేరమంటున్నారు. ఏది మేలు?

నెల్లూరు మేస్త్రి:
మేస్త్రి దగ్గరికే పంపండి బాబూ. కుంచెతో పూయడం అరగంటలో వస్తుంది. నీరు ఎక్కడ దిగుతోందో కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. గదిలో చెమ్మ కనిపించిన చోటికి సరిగ్గా పైనే పగులు ఉండాలని లేదు. నీరు శ్లాబులో పక్కకు పాకి ఇంకెక్కడో బయటపడుతుంది. పిట్టగోడ శ్లాబును కలిసే మూల, వాన నీటి గొట్టం నోరు, ట్యాంకు దిమ్మల అడుగు, నేను ముందు వెతికేది అక్కడే. తర్వాత పాచి గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి పూత వేయాలి. తడి మీద వేస్తే బుడగలు లేచి ఊడిపోతుంది.

సైట్ ఇంజినీరు:
మేస్త్రిగారూ, వెతికే పద్ధతి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. తడి మాట మాత్రం అన్ని పూతలకూ చెల్లదు. యాక్రిలిక్ పూతకు పొడి నేల కావాలి. సిమెంటు కలిపి వేసే చాలా పూతలకు నేలను ముందే తడిపి, నిలిచిన నీరు తుడిచేయాలి. ఇది డబ్బా మీదే ఉంటుంది, కానీ చదివే అలవాటు చాలా బృందాల్లో లేదు. వాటం లెక్కా అంతే. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు లేకపోతే ఎంత ఖరీదైన పూతైనా నీళ్లలో నానుతూనే ఉంటుంది. పని అయ్యాక నీరు కట్టి 48 గంటలు ఉంచి, కింద చెమ్మ దిగిందేమో చూడాలి. ఇవన్నీ కారణంతో సహా తెలియాలంటే శిక్షణ కావాలి.

ఖమ్మం గృహిణి:
ప్రాణం మాట ఇద్దరూ ఎత్తలేదు. మా ఆయన పాత సిమెంటు రేకుల మీద నడుస్తుంటే రేకు విరిగి కింద పడ్డారు. ఏడాది మంచానికే పరిమితమయ్యారు. కాంట్రాక్టరు పడిపోకుండా నడుముకు కట్టుకునే బెల్టు ఇవ్వలేదు, నడవడానికి అడ్డపలక కూడా వేయలేదు. చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు వారు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే, నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ సంగతి మాకు ఆయన పడ్డాక తెలిసింది. మీ తమ్ముడు ఎక్కడ చేరినా ఈ రెండూ ముందు చూడండి.

నెల్లూరు మేస్త్రి:
అమ్మా, మీరు చెప్పింది నేనే ముందు చెప్పవలసింది. ఇంజినీరుగారూ, నేను వేసేది ఎక్కువగా యాక్రిలిక్, అందుకే అలా రాశాను. సరిదిద్దినందుకు సంతోషం. అయినా నా మాట మీదే ఉన్నాను. కారే ఇంటి కింద నిలబడి, ఇంటివాళ్ల ముందు జవాబు చెప్పవలసి వచ్చినప్పుడే ఈ పని పట్టుబడుతుంది. ఒక్క వానాకాలం తిరగనివ్వండి, ఆపైన శిక్షణకు పంపండి.

నల్గొండ అన్నయ్య:
అన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. రేపు మామయ్యతో వెళ్లి, ఆ మేస్త్రి దగ్గర బెల్టులు ఎన్ని ఉన్నాయో ముందు అడుగుతానన్నాడు.