కర్నూలులో కుక్కలకు గ్రూప్ ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు ఉన్నారా?

మా లాబ్రడార్ ఇంట్లో చెప్పినమాట బాగా వింటుంది, కానీ కొండారెడ్డి బురుజు వైపు తీసుకెళ్తే చాలు, ఆటో హారన్ వినబడినా వీధికుక్క కనబడినా బెల్టు లాగేస్తూ ఒకటే మొరుగుడు, మూతి దగ్గర చికెన్ ముక్క పెట్టినా వాసన కూడా చూడదు, అంత టెన్షన్ దానికి. కొట్టి లొంగదీసే ట్రైనర్లు నాకొద్దు. నాలుగైదు కుక్కల్ని దూరం దూరంగా నిలబెట్టి, ప్రశాంతంగా ఉన్నప్పుడల్లా తినడానికి ఏదైనా ఇస్తూ, ఆ దూరాన్ని మెల్లగా తగ్గించుకుంటూ నేర్పే క్లాసు కావాలి. ఇక్కడ గానీ నంద్యాలలో గానీ ఎవరైనా ఉన్నారా? లేకపోతే కుక్కలున్నవాళ్లం పొద్దున్నే, ఎండ ముదరకముందే కలిసి చేద్దామన్నా నేను రెడీ, టీకాలన్నీ వేయించి ఉంటే చాలు. ఇంకోటి, ఇంత భయపడే కుక్కని నేరుగా గ్రూపులో చేర్చొచ్చా, ముందు కొన్నాళ్లు విడిగా నేర్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.