లాప్‌టాప్ మూసేస్తే స్క్రిప్ట్ ఆగిపోతోంది, ఏటి చెయ్యాలి?

గాజువాక కుర్రోడు:

అందరికీ నమస్తే. ఫిషింగ్ హార్బర్ దగ్గర మా బాబాయికి చిన్న కోల్డ్ రూమ్ ఉంది, రొయ్యలు, వంజరం అవీ పెడతారు, లోపల మైనస్ 18 ఉండాలి. అక్కడ ఒక రాస్‌ప్బెర్రీ పై (చిన్న లినక్స్ కంప్యూటర్) పెట్టి యూఎస్‌బీకి టెంపరేచర్ సెన్సర్ తగిలించాను. పైథాన్ స్క్రిప్ట్ 5 నిమిషాలకోసారి రీడింగ్ తీసి ఫైల్లో రాస్తది, తర్వాత స్క్రీన్ మీద ప్రింట్ చేస్తది. రాత్రి ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే కనెక్షన్) లాగిన్ అయ్యి కమాండ్ చివర & పెట్టి రన్ చేసి పడుకుంటా, పొద్దున్న చూస్తే ఆగిపోయి ఉంటోంది. లాప్‌టాప్ మూత వేసేస్తే ఇంకో ఇరవై నిమిషాల దాకా రీడింగులు ఉంటున్నాయి, తర్వాత ఏమీ లేవు. ఒకరోజు ఎగ్జిట్ అని కొట్టి పద్ధతిగానే బయటికొచ్చాను, ఆరోజు ఇంకొక్క రీడింగ్ పడి అక్కడితో ఆగిపోయింది. & పెడితే బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్ళిపోతది కదా, మరి ఎందుకు చస్తోంది? మొన్న రాత్రి కంప్రెసర్ ట్రిప్ అయ్యింది, పొద్దున్న తలుపు మీద మీటర్ చూస్తే మైనస్ 6. బాబాయి నన్నేమీ అనలేదు గానీ ఆయన మొహం చూడలేకపోయాను.

సీతమ్మధార:

నోహప్ (లాగౌట్ అయినా ప్రోగ్రామ్ ఆగకుండా చేసే కమాండ్) పెట్టి రన్ చెయ్ బ్రో, అయిపోద్ది. లేదంటే టీమక్స్ (కనెక్షన్ పోయినా అక్కడ బతికే ఉండే టెర్మినల్) ఓపెన్ చేసి అందులో రన్ చేసి, కంట్రోల్ బీ కొట్టి డీ నొక్కి బయటికొచ్చెయ్. మళ్ళీ లాగిన్ అయ్యి టీమక్స్ అటాచ్ అంటే ఎక్కడ వదిలావో అక్కడే ఉంటది. నోహప్ వాడితే పైథాన్‌కి మైనస్ యూ కూడా ఇవ్వు, లేకపోతే ప్రింట్లు బఫర్లో ఉండిపోయి అవి పడాల్సిన నోహప్ డాట్ అవుట్ ఫైల్ ఖాళీగా కనబడి కంగారు పడతావ్.

ఎంవీపీ పాతకాపు:

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు లక్షణాలు వేర్వేరు జబ్బులు, అందుకే రాస్తున్నా. & పెడితే షెల్, అంటే నీ కమాండ్లు తీసుకునే బ్యాష్ ప్రోగ్రామ్, నీకు ప్రాంప్ట్ తిరిగి ఇస్తది అంతే, స్క్రిప్ట్ ఇంకా ఆ టెర్మినల్‌కే కట్టేసి ఉంటది. మూత వేశాక లాప్‌టాప్ నెట్ పోయింది, ఆ సంగతి రాస్‌ప్బెర్రీ పైకి తెలీదు, స్క్రిప్ట్ ప్రింట్ చేసింది నీకు పంపాలని మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తది, లినక్స్‌లో డీఫాల్ట్‌గా సుమారు పావుగంట చూసి ఇక లాభం లేదని కనెక్షన్ తెంపేస్తది. అప్పుడు షెల్‌కి సిగ్‌హప్ వస్తది, అంటే 1వ నంబర్ సిగ్నల్, మోడెం రోజుల్లో ఫోన్ లైన్ పెట్టేశారు అని చెప్పడానికి పుట్టింది. బ్యాష్ తను పోతూ పోతూ అదే సిగ్నల్‌ని తన జాబ్స్ అన్నిటికీ పంపుద్ది. నీ ఇరవై నిమిషాల లెక్క అదే.

ఎగ్జిట్ కొట్టినప్పుడు మాత్రం బ్యాష్ మామూలుగా సిగ్‌హప్ పంపదు. స్క్రిప్ట్ బతికే ఉంది, రీడింగ్ ఫైల్లో రాసింది, తర్వాత ప్రింట్ చెయ్యబోతే అవతల టెర్మినల్ లేదు, ఎర్రర్ 5, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చి చచ్చింది. ఆ ఎర్రర్ మెసేజ్ వెళ్ళాల్సింది కూడా అదే టెర్మినల్‌కి, ఇంక నీకెలా కనబడుద్ది.

నోహప్, టీమక్స్ రెండూ ఈ జబ్బుకి సరిపోతాయి గానీ హార్బర్‌లో కరెంటు పోయి వస్తే పై రీబూట్ అవుద్ది, అప్పుడు అర్ధరాత్రి లేచి టీమక్స్ ఎవరు తెరుస్తారు? సరుకు పాడయ్యే చోట పెట్టిన ప్రోగ్రామ్‌ని కనిపెట్టుకుని ఉండే తల్లి ఒకటి ఉండాలి, అది నీ లాగిన్ షెల్ కాకూడదు. సిస్టమ్‌డీ, అంటే బూట్ నుంచి ప్రోగ్రామ్‌లని లేపి చూసుకునేది, ఎలాగూ పై మీద ఉంది, దానికి అప్పజెప్పు. యూనిట్ ఫైల్లో (ప్రోగ్రామ్‌ని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైల్) ఎగ్జెక్‌స్టార్ట్ అనే లైనుకి పైథాన్, స్క్రిప్ట్ రెండిటి ఫుల్ పాత్ ఇవ్వు, చివర & పెట్టకు, అక్కడ షెల్ ఉండదు కాబట్టి దాన్ని ఆర్గ్యుమెంట్ అనుకుని స్క్రిప్ట్‌కి పంపేస్తది. వర్కింగ్ డైరెక్టరీ తప్పకుండా రాయి, లేకపోతే రూట్ డైరెక్టరీలో నిలబడి నీ ఫైల్ కోసం వెతుకుద్ది. రీస్టార్ట్ దగ్గర ఆల్వేస్ పెట్టు, చస్తే మళ్ళీ లేపుద్ది. స్టార్ట్ ఒక్కటే కాదు, ఎనేబుల్ కూడా కొట్టు, అప్పుడే రీబూట్ అయ్యాక తనంతట తనే లేస్తది, చాలామంది అదే మర్చిపోతారు.

గాజువాక కుర్రోడు:

అన్నా చాలా థాంక్స్, ఎగ్జిట్ సంగతి చదివి వెంటనే ట్రై చేశా, నువ్వు చెప్పినట్టే ఎర్రర్ 5, ఫైల్లోకి పంపి చూస్తే కనబడింది. యూనిట్ రాశాను, రెండు రోజులు బాగా నడిచింది. నిన్న కరెంటు పోయి వచ్చాక మళ్ళీ ఆగిపోయింది. స్టేటస్ కొడితే ఫెయిల్డ్ అని ఉంది, స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ అంటోంది. ఆల్వేస్ అని పెట్టాక కూడా ఎందుకు వదిలేసింది?

ఎంవీపీ పాతకాపు:

జర్నల్‌సీటీఎల్ (సిస్టమ్‌డీ లాగ్ చూపించే కమాండ్) మైనస్ యూ కొట్టి నీ సర్వీస్ పేరు ఇచ్చి పైకి వెళ్ళి చూడు, బూట్ అయిన మొదటి సెకన్లలో యూఎస్‌బీ డివైస్ కనబడలేదు అని ఉంటది చూడు. డీఫాల్ట్‌గా చచ్చాక 100 మిల్లీసెకన్లకే మళ్ళీ లేపుద్ది, 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలబడకపోతే ఇక వదిలేస్తది. సెన్సర్ నిద్ర లేచేలోపే నీ అయిదు ఛాన్సులూ అయిపోయాయి. రీస్టార్ట్‌సెక్ 30 పెట్టు, అంటే 30 సెకన్లు ఆగి లేపుద్ది, అప్పుడు ఆ లిమిట్ తగిలే ప్రశ్నే లేదు.

ఇంకోటి, ఆపాలంటే కిల్ మైనస్ 9 జోలికి పోవద్దు, అది ప్రోగ్రామ్‌కి చెప్పకుండా పీక నొక్కెయ్యడమే, ఫైల్లో లైను సగం రాసి ఉన్నా అంతే. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కొడితే ముందు 15, అంటే సిగ్‌టర్మ్ పంపి 90 సెకన్లు చూసి అప్పుడు 9 వాడుద్ది. పైథాన్ సిగ్‌టర్మ్ వస్తే ఫైనల్లీ బ్లాక్ (పోయే ముందు సర్దుకునే కోడ్) రన్ చెయ్యకుండానే పోతది, కాబట్టి ఆ సిగ్నల్‌ని పట్టుకునే హ్యాండ్లర్ ఒకటి రాసుకో.

పెదవాల్తేరు నుంచి:

ఎవరూ చెప్పలేదు గానీ స్టేటస్‌లో పచ్చగా యాక్టివ్ అని ఉన్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు. పైసీరియల్‌లో (సెన్సర్ డేటా చదివే పైథాన్ లైబ్రరీ) టైమ్‌అవుట్ ఇవ్వకపోతే సెన్సర్ వైరు లూజ్ అయినప్పుడు రీడ్ దగ్గర ఎన్నాళ్ళైనా అలాగే కూర్చుంటది, చావదు కాబట్టి సిస్టమ్‌డీ లేపదు. టైమ్‌అవుట్ 10 పెట్టి, డేటా ఖాళీగా వస్తే ఎర్రర్‌తో బయటికి పడిపోనీ. తర్వాత ఆఖరి రీడింగ్ ఎంతసేపటి కిందట వచ్చింది అని చూసే చెక్ ఒకటి పెట్టు, అది పై మీద కాకుండా వేరే మెషిన్ మీద ఉండాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు పైతో పాటు దాని మీదున్న అలారం కూడా పడుకుంటది.

గాజువాక కుర్రోడు:

అన్నీ మార్చాను. పై ప్రతి రీడింగ్‌నీ ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కి కూడా పంపుతోంది, 12 నిమిషాలు రీడింగ్ రాకపోతే అది బాబాయి ఫోన్‌కి మెసేజ్ పెడతది. ఇందాక హార్బర్‌కి వెళ్ళి కావాలనే సెన్సర్ వైరు పీకి పక్కన కూర్చున్నా. అర నిమిషానికోసారి జర్నల్లో ఎర్రర్ పడుతూ ఉంది, కాసేపటికి బాబాయి ఫోన్ మోగింది, ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. వైరు మళ్ళీ పెట్టగానే మైనస్ 18.5 అని వచ్చింది.