పదో తరగతి అబ్బోడు చేయి దాటుతున్నాడు, మీ ఇళ్లలో ఏం చేశారు?

అనంతపురం అమ్మ:
మా పెద్దోడు ఏడాదిగా బడి ఎగ్గొడుతున్నాడు, ఇంట్లో డబ్బులు తీస్తున్నాడు. పోయిన వారం తోటి పిల్లోడిని పెదవి పగిలేలా కొట్టాడు. మా ఆయనకు బెంగళూరులో పని. నెలకోసారి వచ్చి, వాడికి నాలుగు తగిలించి పోతాడు. రెండ్రోజులకు మళ్లీ మామూలే. చాలా టెన్షన్‌గా ఉంది.

కోసిగి టీచర్:
అక్కా, మా వైపు మిరప కోతలొస్తే అమ్మానాన్నలు గుంటూరు పోతారు, పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. అందరూ చెడిపోరు. నాకు తెలిసిన ఒకవ్వకు అక్షరం రాదు. అయినా రోజూ సాయంత్రం మనవడితో సంచి తీయించి, ఆ రోజు రాసిన పేజీ చూపించమనేది. వాడు చదివి వినిపిస్తుంటే పని ఆపి వినేది. ఆ పిల్లోడు ఇప్పుడు ఆదోనిలో ఇంటర్ చదువుతున్నాడు.

ప్రొద్దుటూరు నాన్న:
దెబ్బ భయం లేకుంటే వింటారా? మావాడి ఫోన్ నేను రోజూ చూస్తా.

కడప లెక్చరర్ (సైకాలజీ):
అన్నా, 2000లో స్వీడన్ పరిశోధకులు స్టాటిన్, కెర్ ఇదే విషయం రాశారు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసేదాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందే, నిఘా పెట్టి పట్టుకున్నది కాదు. చెప్తే దెబ్బలు పడతాయనుకున్నవాడు ఎందుకు చెప్తాడు?

అమ్మా, అమెరికాలో ప్యాటర్సన్ అనే ఆయన ఇళ్లలో జరిగే గొడవలనే ఏళ్ల తరబడి గమనించాడు. తల్లి పని చెప్తుంది, పిల్లోడు అరుస్తాడు, ఆమె విసిగి వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని వాడికి అర్థమవుతుంది. ఇంకోసారి ఆమె అంతకంటే గట్టిగా అరిస్తే వాడు తగ్గుతాడు, అరుపే మందని ఆమెకూ అనిపిస్తుంది. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారన్నమాట. అదే తీరు బడికి పోతుంది, నెమ్మదస్తులైన పిల్లలు వాడిని దూరం పెడతారు, వాడిలాంటివాళ్లే జతకడతారు.

మీవాడు చిన్నప్పుడు బాగానే ఉండేవాడా? అట్లయితే ధైర్యంగా ఉండండి. పసితనం నుంచి సాగే మొండితనం వేరు, ఈ వయసులోనే వచ్చి చాలామందిలో తగ్గిపోయేది వేరు అని మోఫిట్ అనే సైకాలజిస్టు 1993లోనే రాసింది.

అనంతపురం అమ్మ:
ఎనిమిది వరకు బంగారం సార్. ఇప్పుడు ఏం చేయమంటారు?

కడప లెక్చరర్ (సైకాలజీ):
చిన్న పని ఒకటే చెప్పండి. అరిచినా వదలొద్దు, మీరు మాత్రం గొంతు పెంచొద్దు. చేస్తే ఆ పూటే మెచ్చుకోండి. మీ ఆయన్ని రోజూ రాత్రి వాడికి ఫోన్ చేయమనండి, మార్కుల ఊసెత్తకుండా. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

కోసిగి టీచర్:
ముందు దెబ్బ తిన్న పిల్లోడి ఇంటికి వాడిని వెంటబెట్టుకుని పోండి అక్కా. సారీ వాడే చెప్పాలి, మీరు పక్కన నిలబడితే చాలు.