ఐస్ డాన్స్ కోసం కాలేజీ మానేస్తానంటోంది, ఏం చెప్పాలి?

హన్మకొండ మామ: మా అక్క బిడ్డకు 16 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి రోలర్ స్కేటింగ్. ఇప్పుడు ఐస్ డాన్సే నా కెరీర్, డెహ్రాడూన్ ఐస్ రింకుకు పోతా, ఇంటర్ ఓపెన్‌లో కడతా అని పట్టుబట్టింది. మా బావ హసన్‌పర్తి దగ్గరున్న ప్లాటు అమ్మడానికి కూడా తయారు. మే నెలలో ఇక్కడ రోడ్డు మీద కాలు పెట్టలేం, మంచు మీద కెరీరేంది? మీరేమంటారు?

కాజీపేట జంక్షన్: అసలది ఆటే కాదన్నా, మంచు మీద జంటగా చేసే డాన్సు. పెయిర్ స్కేటింగ్ ఉంది చూడు, అమ్మాయిని గాల్లోకి విసురుతారు, అది ఆట. ఇందులో విసరొద్దు, ఒక చుట్టుకు మించి దూకొద్దు, ఎత్తినా చేతులు తల దాటొద్దు. పెండ్లి సంగీత్‌లో మేం కూడా చేసినం.

చక్రాల పిల్ల: 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నదాన్ని సంగీత్ అంటారా? ట్విజిల్ ఎప్పుడన్నా చూశారా? ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూనే ముందుకు జారిపోవాలి, ఇద్దరూ ఒకే లయలో. ఒకరు రవ్వంత వెనకబడ్డా జడ్జీలు పట్టేస్తారు. చిన్న లిఫ్టు 7 సెకన్లు దాటితే పాయింటు కోత. నేను చక్రాల మీద అట్లా తిరగబోయి మడమ బెణికించుకున్నా.

కాజీపేట జంక్షన్: జడ్జీల సంగతి చెప్పకు. 1998 నాగానో ఒలింపిక్స్ ఐస్ డాన్స్‌లో ఎవరికి ఏ స్థానమో ఉక్రెయిన్ జడ్జి ఫోన్లో చెప్తుంటే కెనడా జడ్జి రికార్డు చేసి బయటపెట్టింది. ఇక్కడ మా వాడిని జిల్లా కబడ్డీ టీం నుంచి తీసేసి సెలక్టర్ తమ్ముని కొడుకును పెట్టుకున్నరు. పాయింట్లు కండ్ల ముందు కనపడే ఆటకే ఇట్లుంటే, మార్కులేసే ఆటకు ఎట్లుంటది?

పరకాల పోరడు: కబడ్డీ ఎక్కడ, ఐస్ ఎక్కడ అన్నా

లెక్కల సారు: మీ ఇద్దరి గొడవ పక్కన పెట్టండి. డబ్బు గురించి ఎవరూ మాట్లాడరేం? ఇంగ్లండ్ ఐస్ డాన్స్ జంట టోర్విల్, డీన్‌ల సంగతే చూడండి: ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, అతను పోలీసు. నాటింగ్‌హామ్ నగర కౌన్సిల్ గ్రాంటు ఇచ్చాకే పూర్తిగా స్కేటింగ్ మీద పడి, 1984లో సరయేవో ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టారు. మనకు ఏ కార్పొరేషన్ ఇస్తుంది? డెహ్రాడూన్ రింకు 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్‌కని కట్టి, ఏళ్ళకేళ్ళు మూసిపెట్టి, 2025లో మళ్ళీ తెరిచారు. ఇంకోటి, ఇది జంట ఆట. కెనడా వాళ్ళు వర్చ్యూ, మోయిర్ 1997లో, పిల్లలుగా ఉన్నప్పుడే జతకట్టారు. ఒలింపిక్స్‌లో 2010లో గోల్డ్, 2014లో సిల్వర్, 2018లో మళ్ళీ గోల్డ్. ఒలింపిక్స్‌కు పోవాలంటే ఇద్దరూ అదే దేశ పౌరులై ఉండాలి. రేపు జతగా ఆడే అబ్బాయి బీటెక్ సీటొచ్చి వెళ్ళిపోతే పెట్టిందంతా నీళ్ళపాలే. ఇంతకీ జత ఎవరు?

చక్రాల పిల్ల: జత దొరకనే దొరకదు అనకండి సార్. మన అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, అందులో ఒకటి జంటగానే. 2015లో అర్జున ఇచ్చారు. వాంకూవర్ ఒలింపిక్స్‌లో అమెరికా జంట డేవిస్, వైట్ ఒక రౌండంతా హిందీ సినిమా పాటలకు ఆడి, చివరికి సిల్వర్ పట్టుకుపోయారు. మన అడుగులు వాళ్ళు వేస్తే చప్పట్లు కొట్టాం కదా!

హన్మకొండ మామ: జత ఉన్నడు. దాని అకాడమీ పోరడే. అసలు టెన్షన్ అక్కడే. వాడు నడుం పట్టుకొని ఎత్తే వీడియో రేపు సంబంధం చూడొచ్చేటోళ్ళ ఫోన్లో పడితే?

చక్రాల పిల్ల: ఓహో! ఇంతసేపు ఎండలు, ఇంటర్ అంటూ తిప్పింది దీని కోసమా? మా పెద్దనాన్న కూడా ఇదే మాటతో నన్ను జంట విభాగం నుంచి మాన్పించాడు. సంబంధాలు చూసింది మాత్రం మా నాన్న ఒక్కడే.

హన్మకొండ మామ: నీకేం ఎరుకమ్మా! ఆ ప్లాటు మా నాయిన మా అక్కకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. దాన్ని బావ ఎట్ల అమ్ముతడు?

లెక్కల సారు: అట్లయితే మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. అక్క సంతకం లేనిదే రిజిస్ట్రేషన్ కాదు. ఆమె ఏమంటోంది?

హన్మకొండ మామ: ఆమె బిడ్డ దిక్కే. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పరకాల పోరడు: మరి ఆ పోరని ఇంట్లో ఒప్పుకున్నరా?

హన్మకొండ మామ: తల్లిదండ్రులు ఒప్పుకున్నరు. వాళ్ళ మామనే అడ్డం పడుతున్నడట.